తూము తీస్తే బురద, బురద తేలితే పిట్ట

హంసలదీవి దగ్గరో, కోరింగ దగ్గరో నది సముద్రంలో కలిసే చోట పక్షుల్ని చూడబోయేవాళ్ళు ఇల్లు కదలక ముందే ఆటుపోట్ల వేళలు చూసుకుంటారు. పోటు మీద బురద మునిగి పిట్టలు గట్టుకు చేరతాయి, ఆటు మీద బురద తేలి మేతకు దిగుతాయి. ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి పట్టిక చూడకుండా వెళితే ఉత్త చేతులతో తిరిగి రావాలి. పాలమూరు, నల్లగొండలకు సముద్రం లేదు. అయినా ఆ బురదలో తిరిగే పిట్టల్లో చాలా రకాలు, అంటే స్టింట్లు, సాండ్‌పైపర్లు, ప్లోవర్లు, గాడ్‌విట్లు, వానాకాలం చివర మన చెరువుల మీద కూడా దిగుతాయి. ఇక్కడా వాటికి ఒక ఆటుపోటు ఉంది. దాన్ని నడిపేవి చెరువు తూము, ప్రాజెక్టు గేటు, ఎత్తిపోతల కాలువ. దీనికి పట్టిక ఎవరూ అచ్చు వేయరు. నేలను చూసి, తూము చూసుకునే నీరటిని అడిగి తెలుసుకోవాలి.

నిండు చెరువు దగ్గర ఎందుకు ఏమీ ఉండదు

బతుకమ్మ నాటికి చెరువు నిండి అలుగు దుంకుతుంటే ఊరంతా సంబరం. పిట్టలు చూసేవాళ్ళకు మాత్రం అంతకంటే చప్పటి రోజు ఉండదు. నీళ్ళు శిఖం (కట్టకు ఎదుటి వైపు చెరువు ముంపు నేల) అంచుల దాకా, సర్కారు తుమ్మల మొదళ్ళ దాకా ఎక్కి ఉంటాయి. నడి చెరువులో నీటికాకులు, బొల్లికోళ్ళు, మునుగుడు కోళ్ళు, ఒడ్డున నాలుగు కొంగలు, అంతే. వందల కిలోమీటర్లు కారులో తిరిగి, అన్నిటికంటే పెద్ద జలాశయాన్ని ఎంచుకుని, అక్టోబరులో కట్ట మీద నిలబడి "ఈసారి వలస పక్షులు రాలేదు" అని తేల్చేవాళ్ళు చేసే పొరపాటు ఇదే. పిట్టలు వచ్చే ఉంటాయి. వాటి కాలికి అందే నేల అక్కడ లేదు.

లిటిల్ స్టింట్ బరువు 20 నుంచి 30 గ్రాములు. ముక్కు 2 సెంటీమీటర్లకు లోపే. తడి బురద మీద, మహా అయితే రెండు వేళ్ళ నీటిలో తప్ప అది మేయలేదు. ఉడ్ సాండ్‌పైపర్ ఇంకొంచెం లోతుకు పోతుంది. గులాబీ రంగు పొడుగు కాళ్ళ బ్లాక్‌వింగ్డ్ స్టిల్ట్ జానెడు నీటిలో నడుస్తుంది. బ్లాక్‌టెయిల్డ్ గాడ్‌విట్‌కు దాదాపు 10 సెంటీమీటర్ల ముక్కు ఉంది కాబట్టి పైపొరలో దొరకని పురుగును లోపలి నుంచి లాగుతుంది. తోక పైకెత్తి తల కిందికి ముంచి మేసే సూదితోక బాతుకు మూర లోతు లోపు నీళ్ళు కావాలి. అంతకంటే లోతైన నీళ్ళు ఎన్ని టీఎంసీలు ఉన్నా వీటిలో దేనికీ మేతగా పనికిరావు. పగలు పడుకోవడానికి బాతులు వాడుకుంటాయి, అంతవరకే.

కాబట్టి చూడవలసింది నీటి విస్తీర్ణం కాదు, ఒడ్డు వాలు. చిన్న లెక్క వేస్తే సంగతి తేలుతుంది. శిఖం వైపు నేల 200 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలితే, నీటిమట్టం 5 సెంటీమీటర్లు తగ్గినప్పుడు 10 మీటర్ల వెడల్పున కొత్త బురద తేలుతుంది. అదే చెరువులో పొక్లెయిన్‌తో మట్టి తవ్విన గుంత అంచు రెండడుగులకు ఒక అడుగు వాలు ఉంటే, అదే 5 సెంటీమీటర్లకు 10 సెంటీమీటర్ల బురద మాత్రమే బయటపడుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీత తర్వాత కొన్ని చెరువుల్లో నీళ్ళు పెరిగి పిట్టలు తగ్గడానికి ఒక కారణం ఇక్కడ ఉంది. పూడిక తీయడం తప్పని ఎవరూ అనరు, ఆ ఒండ్రు చేలకు బంగారమే. నిటారు అంచులతో గుంతలుగా కాకుండా పళ్ళెంలా పల్చగా గీకి ఉంటే రైతుకూ పిట్టకూ ఇద్దరికీ సరిపోయేది.

తేలిన బురద ఎన్నాళ్ళు పనికొస్తుందన్నది రెండో ప్రశ్న. అక్టోబరు ఎండకు రెండు మూడు రోజుల్లో పైన పెచ్చు కడుతుంది. లోపలి పురుగులు కిందికి దిగిపోతాయి లేదా చస్తాయి. చిన్న ముక్కు పిట్టలకు ఆ నేల అయిపోయినట్టే. నెర్రెలు విచ్చాక అక్కడ తీతువులు, చిన్న ప్రాటింకోల్‌లు, పిపిట్‌లు మిగులుతాయి. అసలైన మేత ఎప్పుడూ నీటి అంచున కొద్ది మీటర్ల పట్టీలోనే ఉంటుంది, ఆ పట్టీ నీటితో పాటు లోపలికి జరుగుతూ పోతుంది. పోయిన వారం వంద స్టింట్లు కనబడ్డ చోట ఈ వారం ఒక్కటీ లేకపోతే వెతకవలసింది వేరే చెరువును కాదు, అదే చెరువులో ముందుకు జరిగిన అంచును.

నెల నెలకూ మారే చోటు

ఆగస్టు చివర, సెప్టెంబరులో ముందుగా వచ్చేది కామన్ సాండ్‌పైపర్. కాలువ లైనింగ్ మీద, తూము రాళ్ళ మీద ఒంటరిగా తోక ఆడిస్తూ తిరుగుతుంది. చెరువులు ఇంకా సగమే నిండి ఉంటాయి కాబట్టి ఈ నెలలో శిఖంలో కొంత బురద ఉంటుంది. అది నిజానికి మంచి సమయం, కానీ వానలకు భయపడి ఎవరూ కదలరు. నైరుతి రుతుపవనాలు తెలంగాణ నుంచి వెనక్కి పోయేది మామూలుగా అక్టోబరు నడుమ. ఆ లోపు, ఆ తర్వాత బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాల వల్ల చెరువులు నిండుతాయి. అప్పుడు పిట్టలు మూడు చోట్లకు చెదురుతాయి: ఊరి చివరి కుంటలు, ఆలస్యంగా నాట్లు వేసిన పొలాలు, కోత ముందు నీళ్ళు తీసేసిన మడులు.

పెద్ద చెరువు వదిలి కుంటలు తిరగడం అక్టోబరులో లాభసాటి పని. ఎకరం, రెండెకరాల కుంటలో ఒక గ్రీన్ సాండ్‌పైపర్, నాలుగైదు ఉడ్ సాండ్‌పైపర్లు, పసుపు రంగు కాటుకపిట్టలు సులభంగా దొరుకుతాయి. నవంబరులో వరికోత మిషన్లు దిగాక కొయ్యకాళ్ళ మధ్య నిలిచిన తడిలో ముక్కుపూరేళ్ళు (స్నైప్‌లు) దాక్కుంటాయి. గట్టు మీద నడుస్తుంటే కాళ్ళ దగ్గర్నుంచి గరగరమని అరిచి వంకరటింకరగా లేస్తాయి. మిషన్ వెనకాల లేచే మిడతల కోసం తెల్లకొంగలు, పసులపోలిగాళ్ళు, కరెంటు తీగ మీద పాలపిట్టలు చేరతాయి. దసరా నాడు పాలపిట్టను చూడాలనుకునేవారు గుడి దగ్గర పంజరంలో పెట్టి చూపించేవాళ్ళకు డబ్బులు ఇవ్వనక్కర్లేదు. అలా పట్టి ఉంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పొద్దున పొలాల దారిన ఐదు కిలోమీటర్లు తీగలు చూసుకుంటూ పోతే ఉచితంగా దొరికే దర్శనం అది.

నవంబరు రెండో సగం నుంచి యాసంగికి నీళ్ళు వదలడం మొదలవుతుంది. తూము తీస్తారు, మట్టం జారుతుంది, శిఖం తేలుతుంది. డిసెంబరు, జనవరిల్లో లెక్క పతాక స్థాయికి చేరుతుంది. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి జనవరిలో జరుగుతున్నది కూడా అందుకే, అప్పటికి రావలసినవన్నీ వచ్చి స్థిరపడి ఉంటాయి. తల మీద రెండు నల్ల చారలుండే బార్‌హెడెడ్ గూస్ మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. ఉపగ్రహ పరికరాలు కట్టిన పక్షుల్లో ఒకటి 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు నమోదైంది. దక్షిణ తెలంగాణలో దాన్ని అక్టోబరులో ఆశించడం తొందరపాటే.

ఎత్తిపోతలు ఈ పాత క్యాలెండర్‌ను కొంత చెరిపేశాయి. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు, కోయిల్‌సాగర్ పథకాల కాలువల కింద చెరువుల్ని మళ్ళీ మళ్ళీ నింపుతున్నారు. వాన నీటితో నిండే చెరువు నవంబరు నుంచి నెమ్మదిగా తగ్గుతూ పోతుంది, అంచనా వేయవచ్చు. కాలువ నీటి చెరువు ఒక వారం తగ్గి, మరుసటి వారం మోటార్లు నడిచాక మళ్ళీ శిఖం మునుగుతుంది. అలాంటి చోట ముందురోజు సాయంత్రం నీరటికో, చేపల సొసైటీ వాళ్ళకో ఒక ఫోను చేస్తే వంద కిలోమీటర్ల పెట్రోలు మిగులుతుంది.

ఏ నీటి గుణం ఏమిటి

నల్లగొండ పట్టణం పక్కన పానగల్ ఉదయసముద్రం చూడటానికి తేలిక, కట్ట మీద నడక దారి ఉంది. కానీ దాని మట్టం వానలను బట్టి మారదు. సాగర్ నీటిని పుట్టంగండి దగ్గర తోడి, అక్కంపల్లి మీదుగా పంపే కాలువ చెప్పినట్టు వింటుంది. సూర్యాపేట దగ్గర సోలిపేట మూసీ ప్రాజెక్టు కథ వేరు. హైదరాబాద్ మురుగు వల్ల మూసీ ఎండాకాలంలోనూ పారుతుంది, ఆ నీటిలో పోషకాలు ఎక్కువ, బురదలో పురుగూ ఎక్కువే. ముక్కు మూసుకుని నిలబడవలసిన చోట పిట్టలు బాగా ఉండటం ఈ వ్యాపకంలో మామూలే. డిండి జలాశయం ఎక్కువగా సొంత వాగు మీద ఆధారపడింది కాబట్టి వాన తక్కువైన ఏడాది అక్టోబరులోనే విశాలమైన బురద చూపిస్తుంది. కరువు ఏడాది పిట్టలకు పండుగ కావడం చేదు నిజం.

కృష్ణ మీద ఆటుపోటుకు నిజంగా దగ్గరగా ఉండేది జూరాల దిగువ. విద్యుత్ కేంద్రం టర్బైన్లు తిరుగుతున్నంతసేపు రాళ్ళ మధ్య నీరు ఎక్కుతుంది, ఆపితే దిగుతుంది. దిగిన గంటలో చిన్న మడుగుల్లో చిక్కిన చేపపిల్లల కోసం కొంగలు, నత్తగుల్ల కొంగలు, లకుముకి పిట్టలు, రివర్ టెర్న్‌లు కమ్ముకుంటాయి. అది చూడదగ్గ దృశ్యం, కానీ గట్టు మీది నుంచే. సైరన్ మోగితే నీళ్ళు వస్తున్నాయని అర్థం, ఫోటో ఇంకొకటి అని ఆగకూడదు. కృష్ణలో మొసళ్ళు కూడా ఉన్నాయి. నీటి అంచున కూర్చుని కెమెరా నేలకు ఆనించే అలవాటు చెరువుల దగ్గరే ఉంచుకోవాలి.

శ్రీశైలం వెనుక జలాలు సోమశిల దగ్గర నిండుగా ఉన్నప్పుడు కడలిలా ఉంటాయి, పిట్టలు తక్కువ. మట్టం తగ్గుతున్న కొద్దీ మెల్లని వాలు నేలలు తేలతాయి. కాకపోతే అంచు రోడ్డుకు బాగా దూరం జరిగిపోతుంది, నడక పెరుగుతుంది. నల్లమల వైపు ఒడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యం కిందికి వచ్చే చోట అటవీ శాఖ అనుమతి లేకుండా దిగకూడదు.

పొద్దు వెనుక ఉండాలి

పాలమూరు, నల్లగొండల్లో అక్టోబరు మొదట్లో సూర్యోదయం 6 దాటాక ఐదు పది నిమిషాలకు, నవంబరు ఆఖరుకు దాదాపు 6:30కు. దానికి ఇరవై నిమిషాల ముందు నుంచే ఆకారాలు తెలుస్తాయి. పల్లెల్లో 'మబ్బులనే' అంటారే, ఆ వేళకు చెరువు చేరి ఉండాలి. పొద్దు పొడిచాక చేరితే నడిచి వచ్చే మనిషిని పిట్టలన్నీ చూస్తాయి. చీకటిలో కుదురుగా కూర్చున్న మనిషి వాటికి రాయితో సమానం.

ఎక్కడ కూర్చోవాలన్నది తొందరలో తప్పిపోయే లెక్క. మన నేల ఎక్కువగా కృష్ణ వైపు, అంటే దక్షిణానికో తూర్పుకో వాలి ఉంటుంది. అందుకే చాలా చెరువుల కట్ట ఆ దిక్కున, శిఖం ఎదుటి దిక్కున ఉంటాయి. తూర్పు కట్ట మీద నిలబడితే పొద్దు వెనక ఉంటుంది, వెలుగు బాగుంటుంది, కానీ బురద కిలోమీటరు అవతల ఉంటుంది. బురద కోసం శిఖం వైపు పోతే పొద్దు సూటిగా కళ్ళలో కొడుతుంది, పిట్టలన్నీ నల్లటి నీడలే. మధ్యే మార్గం పక్క ఒడ్డు. కట్ట చివర నుంచి శిఖం వైపు మూడింట రెండు వంతులు పోయి, పొద్దు భుజం మీద పడేట్టు కూర్చోవాలి. ముందురోజు ఫోనులో ఉపగ్రహ చిత్రం తీసి, దిక్కు, బండి ఆపే చోటు, నడిచే గట్టు గుర్తు పెట్టుకుంటే చీకట్లో తడుముకునే పని ఉండదు.

బైనాక్యులర్ 8×42 అయితే, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపే 42 మిల్లీమీటర్ల లెన్సుదైతే, ఈ వేళకు సరి. 42ను 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్ల వెడల్పున వెలుగు కంటికి చేరుతుంది, 10×42లో అది 4.2 మాత్రమే. మసక వెలుతురులో ఈ తేడా తెలుస్తుంది, చేతి వణుకు కూడా ఎనిమిదింతల్లో తక్కువ. చిన్న ఒడ్డు పిట్టలను పక్కాగా తేల్చుకోవాలంటే మాత్రం 20 నుంచి 60 రెట్ల స్పాటింగ్ స్కోపు, బరువైన ట్రైపాడ్ తప్పవు. పొద్దెక్కాక, ఎండ కాచే రోజుల్లో ఎనిమిదిన్నర నుంచే, బురద మీద గాలి ఆవిరిలా కదులుతుంది. అప్పుడు 40 రెట్లు దాటించడం వల్ల ఆ వణుకే పెద్దదై కనబడుతుంది. లెన్సు పాడైందని దుకాణానికి పరుగెత్తేవాళ్ళూ ఉన్నారు. మబ్బు పట్టిన రోజున పది దాకా చూడవచ్చు. ఏసీ కారులోంచి తీసిన బైనాక్యులర్‌కు వెంటనే చెమ్మ పడుతుంది. చేరడానికి పావుగంట ముందే ఏసీ ఆపి కిటికీలు దించితే ఆ తంటా ఉండదు.

కూర్చున్నాక మొదటి పదిహేను నిమిషాలు చెవులకే పని. గ్రీన్‌షాంక్ టియూ టియూ టియూ అని మూడు పిలుపులు. ఉడ్ సాండ్‌పైపర్‌ది వేగంగా చిఫ్ ఇఫ్ ఇఫ్. ఈలబాతులు రాత్రి మేత ముగించి ఈలలు వేస్తూ దిగుతాయి. వీటన్నిటి కంటే ముందు అరిచేది తీతువు. ఊళ్ళో దాని అరుపు అపశకునం అంటారు, పిట్టలు చూసేవాళ్ళకు నిజంగానే అపశకునం. అది ఒకసారి తలపై తిరిగి అరిచిందంటే స్టింట్ల దాకా అన్నీ లేస్తాయి. అలాంటప్పుడు ముందుకు పోకుండా అక్కడే కూలబడి పది నిమిషాలు కదలకపోతే అది ఊరుకుంటుంది, లేచినవి తిరిగి దిగుతాయి. తీతువు అరవకుండానే అన్నీ ఒక్కసారిగా లేస్తే ఆకాశం చూడాలి. మార్ష్ హారియరో, బైరి డేగో ఉంటుంది.

శరత్తులో పోల్చుకోవడం ఎందుకు కష్టం

పుస్తకంలో బొమ్మలు రెండే ఉంటాయి, ఎండాకాలపు రంగు, చలికాలపు రంగు. సెప్టెంబరు, అక్టోబరుల్లో పిట్ట ఈ రెండింటిలో ఏదీ కాదు. ముందుగా వచ్చే ఈడొచ్చిన పిట్టలు ఉత్తరాన గుడ్లు పెట్టినప్పటి ఈకలు అరిగి, ఎర్రటి మచ్చలు మిగిలి, మధ్యమధ్య బూడిద రంగు కొత్త ఈకలతో వస్తాయి. వెనకాల వచ్చే ఆ ఏటి పిల్లలకు ఈకలన్నీ కొత్తవి, అంచులు తెల్లగా చేప పొలుసుల్లా ఉంటాయి. నవంబరుకు అన్నీ బూడిద రంగుకు చేరతాయి. బాతుల్లో ఇంకో చిక్కు. మగ సూదితోక బాతు వచ్చినప్పుడు ఆడదానిలాగే మట్టి రంగులో ఉంటుంది. అక్టోబరులో మగవి లేవని రాసుకోవడం తప్పు. అందుకని రంగును నమ్మకుండా కాలి రంగు, ముక్కు ఆకారం, ఎగిరినప్పటి గుర్తులు చూడాలి.

స్టింట్ల సంగతి తీసుకుంటే లిటిల్ స్టింట్ కాళ్ళు నలుపు, టెమింక్స్ స్టింట్ కాళ్ళు పసుపు పచ్చ. బురద పట్టిన కాళ్ళన్నీ నల్లగానే కనిపిస్తాయి కాబట్టి చాలామంది ఇక్కడే పడతారు. అప్పుడు నడత చూడాలి. లిటిల్ స్టింట్ తెరిపి బురద మీద గుంపుగా, కుట్టుమిషన్ సూదిలా ముక్కు ఆడిస్తూ పరుగెత్తుతుంది. టెమింక్స్ గడ్డి అంచున, గిట్టల గుంతల్లో ఒకటి రెండుగా నెమ్మదిగా పాకుతుంది. పైన నున్నని బూడిద గోధుమ, చిన్న సైజు కామన్ సాండ్‌పైపర్‌లా ఉంటుంది.

ఉడ్, గ్రీన్ సాండ్‌పైపర్లు ఎగిరితే తేలిపోతాయి. రెక్క అడుగు నల్లగా ఉంటే గ్రీన్, లేత రంగైతే ఉడ్. దిగి ఉన్నప్పుడు కనుబొమ్మ తెల్లచార కంటి వెనక్కి పొడుగ్గా సాగితే ఉడ్, కంటి ముందే ఆగితే గ్రీన్. కామన్ సాండ్‌పైపర్‌కు రొమ్ము పక్కన, రెక్క మడత ముందు తెల్లటి చీలిక పైకి ఎక్కుతుంది, రెక్కలు బిగబట్టి నీటి మీదే పోతుంది. మార్ష్ సాండ్‌పైపర్‌ను గ్రీన్‌షాంక్ పిల్ల అనుకోవడం సాధారణం. మార్ష్ ముక్కు సూదిలా సన్నగా నిటారుగా, గ్రీన్‌షాంక్ ముక్కు లావుగా కొస కాస్త పైకి తిరిగి ఉంటుంది. చిన్న ప్లోవర్లలో కంటి చుట్టూ పసుపు ఉంగరం ఉంటే లిటిల్ రింగ్డ్, ఉంగరం లేక, రొమ్ము పట్టీ నడుమ తెగి, కాళ్ళు నల్లగా ఉంటే కెంటిష్. ముక్కుపూరేళ్ళలో మాత్రం రెక్క వెనక అంచున తెల్లని గీత ఉంటే కామన్ స్నైప్, లేకపోతే పిన్‌టెయిల్ స్నైప్. అది కనబడక ముందే వాలిపోతే 'స్నైప్' అని రాసి వదిలేయడమే మర్యాద.

పిట్టకు ఇబ్బంది, మనిషికి ఇబ్బంది

మేస్తున్న పిట్ట ముందు మెడ నిక్కిస్తుంది, తర్వాత మేత ఆపుతుంది, తర్వాత నడిచి దూరం పోతుంది, చివరికి ఎగురుతుంది. మెడ నిక్కించిన దగ్గరే మనం ఆగాలి. బాతుల గుంపుకు వంద మీటర్లకు లోపు పోకుండా ఉంటే మంచిది. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి కొవ్వు కరిగిన పిట్టను ఒక పొద్దున నాలుగైదుసార్లు లేపితే అది ఆ చెరువునే వదిలేస్తుంది. డ్రోన్ వాడకం మొత్తంగా మానాలి, పిట్టలకు అది డేగే. వెంట వచ్చే ఊరి కుక్కను ముందే బిస్కెట్‌తో బండి దగ్గర నిలపడం చిన్న ఉపాయం. తెల్లవారగానే వలలు తీయడానికి తెప్పలు వస్తాయి. అవి ఏ మూల నుంచి బయలుదేరతాయో తెలుసుకుని, పిట్టలు జరిగే ఎదుటి మూలన కూర్చుంటే చేపల వాళ్ళ పని వాళ్ళది, మన పని మనది.

బురద మీదికి దిగవద్దు. పెచ్చు గట్టిగా కనిపించి లోపల మోకాలి లోతు మెత్తదనం ఉంటుంది. బర్రె అడుగు ఎంత లోతు దిగిందో చూస్తే తెలిసిపోతుంది. తుంగలో, గట్టు బొరియల్లో పాములుంటాయి కాబట్టి చీకట్లో నడిచేటప్పుడు టార్చి కిందికి వేసుకోవాలి, చెప్పులతో పోకూడదు.

లెక్క పెట్టడానికి గుంపు అంచున పది పిట్టలు లెక్కించి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కంటితో కొలిచి, ఆ ముక్కను గుంపంతా పరుచుకుంటూ పోవాలి. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు మరోసారి. రెండింటి నడుమ ఐదో వంతు కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి. పిట్టల లెక్కలు నమోదు చేసే ఈ-బర్డ్ యాప్‌లో చేర్చేవారు గంటన్నర పరిశీలనను ఒకే చిట్టాగా కాకుండా కట్ట, శిఖం, పొలాలుగా విడగొట్టి వేస్తే తర్వాత చదివేవాళ్ళకు అర్థం ఉంటుంది. పిట్టల పేర్ల పక్కన దాదాపు ఎవరూ రాయనిది నీటిమట్టం. తూము దగ్గర మెట్లు ఎన్ని తేలాయి, బురద పట్టీ ఎన్ని అడుగుల వెడల్పు ఉంది, తూము తీశారా మూశారా, కాలువ పారుతోందా అన్న నాలుగు ముక్కలు ప్రతిసారీ రాస్తే, రెండు మూడేళ్ళకు ఆ ఒక్క చెరువుకు సొంత ఆటుపోట్ల పట్టిక చేతికొస్తుంది.